ఏ ఛానెల్ ఏ పార్టీదో తెలిస్తే సరిపోతుందా? వార్తలు, రాజకీయం ఒకదాన్నొకటి ఎలా నడుపుతాయి

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామంది రెండు రాష్ట్రాల వార్తలూ చూస్తారు. ఒక తమిళ ఛానెల్, ఆ వెంటనే ఒక తెలుగు ఛానెల్. ఇక్కడ ఏ టీవీ ఏ పార్టీదో ఆటో నడిపే అన్నని అడిగినా ఠక్కున చెబుతాడు. అక్కడ ఏ పేపరు ఎవరి వైపో నెల్లూరులో ఉన్న మేనత్తకి కూడా తెలుసు. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే చాలు, ఫ్యామిలీ గ్రూపులో ఒకరు క్లిప్పు పెడతారు, ఇంకొకరు "అది వాళ్ల ఛానెల్ కదా మామయ్యా, ఇంకెలా చెబుతుంది" అంటారు, అక్కడితో చర్చ అయిపోతుంది.

అలా అయిపోవడమే నాకు బాధగా ఉంటుంది. ఓనరు ఎవరో తెలియడంతోనే అంతా తేలిపోతే రెండు ప్రశ్నలకి జవాబు దొరకదు. సొంత ఛానెళ్లున్న పార్టీలు ఎందుకు ఓడిపోతున్నాయి? ఓడిపోతున్నా సరే, ఛానెల్ పెట్టాలని, పేపరు పెట్టాలని పార్టీలు ఎందుకంత తాపత్రయపడుతున్నాయి?

ముందు "ప్రభావం" అన్నదాన్ని విడదీసి చూద్దాం

మీడియా ప్రభావం అనగానే మనకి తట్టేది ఒకటే, టీవీ చూసి జనం ఓటు మార్చుకోవడం. పరిశోధకులు చెప్పే రకాలు ఇంకా ఉన్నాయి, అవి దీనికంటే నెమ్మదిగా, కనపడకుండా పనిచేస్తాయి.

మొదటిది అజెండా, అంటే ఈ వారం దేని గురించి మాట్లాడుకోవాలన్నది. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు మెకోంబ్స్, షా అనే ఇద్దరు చాపెల్ హిల్ అనే ఊళ్లో ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లని కలిసి, ముఖ్యమైన సమస్యలేమిటని అడిగారు. ఆ జవాబుల్ని అక్కడి పత్రికలు, టీవీ ఎక్కువ చోటిచ్చిన అంశాలతో పోల్చి చూస్తే రెండు జాబితాలూ దాదాపు ఒకే వరసలో వచ్చాయి. జనం బాధపడుతున్న సంగతుల్నే పత్రికలు రాశాయేమో కదా అన్న అనుమానం మీకు వస్తే అది సరైన అనుమానమే. అందుకే 1980ల్లో అయ్యంగార్, కిండర్ అనే పరిశోధకులు కొన్ని వార్తలు ఎక్కువ, కొన్ని తక్కువ ఉండేలా మార్చిన బులెటిన్లు కొందరికి రోజూ చూపించారు, ఏ సమస్యని ఎక్కువగా చూశారో అది వాళ్లకి ముందుకంటే పెద్దదిగా కనిపించడం మొదలైంది. ఇక్కడ తేలింది ఎవరికి ఓటేయాలో మీడియా నేర్పుతుందని కాదు, దేన్ని సమస్య అనుకోవాలో నేర్పుతుందని.

రెండోది ఫ్రేమింగ్, ఒకే సంగతిని ఏ వైపు నుంచి చూపిస్తున్నారన్నది. మూడోది ప్రైమింగ్, నాయకుణ్ణి ఏ కొలతతో కొలవాలన్నది. నెలంతా వరద వార్తలే నడిస్తే ముఖ్యమంత్రిని సహాయక చర్యలతో కొలుస్తాం, నెలంతా అవినీతి వార్తలే నడిస్తే అదే మనిషిని ఇంకో కొలతతో కొలుస్తాం. మనిషి మారలేదు, పాలనా మారలేదు.

ఫ్రేమింగ్ అర్థం కావడానికి మనకి చాలా దగ్గరి ఉదాహరణ ఉంది, కృష్ణా నీళ్లు. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ కుదుర్చుకున్న తెలుగుగంగ ఒప్పందం ప్రకారం ఆవిరి, ఇంకుడు పోను ఏడాదికి 12 టీఎంసీలు మద్రాసుకి చేరాలి. కండలేరు నుంచి కాలువలో వచ్చి, ఊత్తుకోట దగ్గర సరిహద్దు దాటి పూండి రిజర్వాయర్‌లో కలుస్తాయి. వానలు లేని ఒక ఏడు అందులో సగం కూడా రాలేదనుకుందాం. తమిళ బులెటిన్‌లో వార్త "ఆంధ్ర ఇవ్వాల్సిన నీళ్లు ఇవ్వలేదు, చెన్నై గొంతు ఎండుతోంది" అని మొదలవుతుంది, ఖాళీ బిందెల వరస చూపిస్తారు. తెలుగు బులెటిన్‌లో "సోమశిల, కండలేరులోనే నీళ్లు అడుగంటాయి, ఆయకట్టు రైతుల సంగతేమిటి" అని మొదలవుతుంది, నెర్రెలిచ్చిన పొలం చూపిస్తారు. రెండింటిలోనూ అంకెలు ఒకటే కావచ్చు. ఒక్క అబద్ధం కూడా ఉండకపోవచ్చు. కానీ ఒకటి చూసినవాడికి తప్పు అవతలి ప్రభుత్వానిది, రెండోది చూసినవాడికి అసలు తప్పే లేదు, ఉంటే మబ్బుది. రెండూ చూసే అవకాశం సరిహద్దుకి ఇటూ అటూ బంధువులున్న మనలాంటి వాళ్లకే ఎక్కువ.

మద్రాసులో పత్రిక ముందు, పార్టీ తర్వాత

పార్టీలు మీడియాని కబళించాయి, ఒకప్పుడు పత్రికలు స్వచ్ఛంగా ఉండేవి అనే మాట తరచూ వింటాం. మద్రాసు చరిత్ర చూస్తే అలా కనపడదు. 1878లో ట్రిప్లికేన్‌కి చెందిన ఆరుగురు యువకులు ది హిందూ పెట్టిందే ఒక వాదన కోసం. టి. ముత్తుస్వామి అయ్యర్‌ని హైకోర్టు జడ్జిగా నియమిస్తే తెల్లవాళ్ల పత్రికలు తప్పుపట్టాయి, దానికి జవాబు చెప్పడానికి మనవాళ్లకి పత్రిక లేదు, అందుకని పెట్టారు. ఆ తర్వాత బ్రాహ్మణేతరుల కోసం వచ్చిన జస్టిస్ పార్టీ అసలు పేరు దక్షిణ భారత ఉదారవాద సమాఖ్య. దాని ఇంగ్లీషు పత్రిక పేరు జస్టిస్, జనం పార్టీని ఆ పత్రిక పేరుతోనే పిలిచారు. అదే పక్షానికి తమిళంలో ద్రావిడన్, తెలుగులో ఆంధ్ర ప్రకాశిక ఉండేవి. ఇంకోవైపు కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో వారపత్రికగా మొదలైన ఆంధ్ర పత్రికని 1914లో మద్రాసుకి తెచ్చి దినపత్రిక చేశారు, అది జాతీయోద్యమం వైపు, ఆంధ్రోద్యమం వైపు నిలబడింది. అంటే వందేళ్ల కిందటే మద్రాసులోని తెలుగు పాఠకుడి ముందు రెండు పక్షాల పత్రికలున్నాయి.

ఆ వరస తర్వాత కూడా సాగింది. కరుణానిధి మురసొలి పత్రిక మొదలుపెట్టింది 1942లో, డీఎంకే పుట్టింది 1949లో. మన వైపు ఈనాడు 1974లో విశాఖపట్నంలో మొదలైంది, తెలుగుదేశం 1982లో వచ్చింది, 1983 జనవరిలో గెలిచింది, ఆ గెలుపులో ఈనాడు పాత్ర గురించి ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి. సాక్షి 2008లో, వైఎస్సార్ కాంగ్రెస్ 2011లో. డీఎంకే వైపు సన్ టీవీ 1993లో, అన్నాడీఎంకే వైపు జయ టీవీ 1999లో వచ్చేసరికి మాత్రం క్రమం తిరగబడింది, అప్పటికే పార్టీలున్నాయి, వాటికి టీవీ కావాల్సి వచ్చింది.

పత్రికలు, పార్టీలు ఇలా జంటలుగా నడవడాన్ని పరిశోధకులు రాజకీయ సమాంతరత అంటారు. ఇటలీలో, ఫ్రాన్స్‌లో, స్పెయిన్‌లో ఇది పాత సంగతే. పక్షం ఉండటమే నేరం కాదన్నది ఒక వాదన, పక్షం బయటికి తెలిసినప్పుడు పాఠకుడు దాన్ని లెక్కలోకి తీసుకుని చదువుకుంటాడు, అందరూ తటస్థులమని చెప్పుకుంటేనే మోసం ఎక్కువ అంటారు వాళ్లు. దీనికి ఎదురు వాదన, ప్రతి పత్రికకీ పక్షం ఉంటే అందరూ ఒప్పుకునే కనీస నిజాలు ఎక్కడి నుంచి వస్తాయి అన్నది. రెండో వాదనే నాకు ఎక్కువ బరువుగా అనిపిస్తుంది, ఎందుకంటే రెండు పేపర్లూ కొని పోల్చి చూసే ఇల్లు చాలా అరుదు.

ఒక్క సర్వే ఎంత దూరం పోయింది: 2007

మీడియా, రాజకీయం ఒకదాన్నొకటి తోసుకోవడం ఒకే కథలో చూడాలంటే చెన్నైలో 2007 చాలు.

2007 వరకు సన్ టీవీ ఆఫీసు తేనాంపేటలోని అన్నా అరివాలయంలో ఉండేది, అంటే డీఎంకే ప్రధాన కార్యాలయంలోనే. ఛానెల్ నడిపే కళానిధి మారన్, కేంద్రంలో టెలికాం మంత్రిగా ఉన్న ఆయన తమ్ముడు దయానిధి మారన్, ఇద్దరూ అప్పటి ముఖ్యమంత్రి కరుణానిధికి మేనల్లుడి కొడుకులు. అదే గ్రూపు దినకరన్ పత్రికని 2005లో కొంది.

2007 మే 9న దినకరన్ ఒక సర్వే అచ్చువేసింది. కరుణానిధికి రాజకీయ వారసుడు ఎవరని ప్రశ్న. స్టాలిన్‌కి 70 శాతం, ఆయన అన్న అళగిరికి 2 శాతం. ఆ రోజే మదురైలో దినకరన్ ఆఫీసు మీద దాడి జరిగింది, నిప్పు పెట్టారు, ముగ్గురు ఉద్యోగులు చనిపోయారు. కొద్ది రోజుల్లోనే దయానిధి మారన్ కేంద్ర మంత్రి పదవి పోయింది. సన్ టీవీ అరివాలయం నుంచి బయటికి వెళ్లింది. సెప్టెంబర్ 15న, అన్నాదురై పుట్టినరోజున, కలైజ్ఞర్ టీవీ మొదలైంది. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం అరసు కేబుల్ కార్పొరేషన్ పెట్టింది, అప్పటిదాకా కేబుల్ వ్యాపారంలో మారన్ల సుమంగళి కేబుల్ విజన్‌దే పెత్తనం.

మరుసటి ఏడాది చివర్లో కుటుంబాలు రాజీపడ్డాయి, అరసు కేబుల్ పడకేసింది. 2011లో జయలలిత గెలిచాక దాన్ని లేపి నెలకి 70 రూపాయలకే కనెక్షన్ ఇప్పించారు.

ఇందులో ఎవరు ఎవర్ని ప్రభావితం చేశారు? పత్రిక పార్టీలో వారసత్వాన్ని అజెండా చేసింది, పార్టీ గొడవ కేంద్ర మంత్రివర్గాన్ని మార్చింది, ఆ మార్పు ఒక కొత్త ఛానెల్‌ని, ఒక ప్రభుత్వ కంపెనీని పుట్టించింది, ఆ కంపెనీ తర్వాత వచ్చిన ప్రత్యర్థి చేతికి ఆయుధమైంది. ప్రాణాలు పోగొట్టుకున్న ముగ్గురికి మాత్రం ఈ ఎత్తుల్లో దేనితోనూ సంబంధం లేదు, వాళ్లు ఆ రోజు పనికి వచ్చారు. కింది కోర్టు 2009లో నిందితులందర్నీ వదిలేసింది, శిక్ష పడటానికి హైకోర్టులో 2019 దాకా పట్టింది.

ఓనరు కాకుండానే ప్రభుత్వాలు వార్తని ఎలా పట్టుకుంటాయి

సొంత ఛానెల్ కంటికి కనపడుతుంది కాబట్టి దాని గురించే మాట్లాడతాం. అధికారంలో ఉన్నవాళ్లకి అంతకంటే బలమైన పగ్గాలు మూడున్నాయి.

ఒకటి కేబుల్. ఛానెల్‌ని మూయించాల్సిన అవసరం లేదు, సెట్ టాప్ బాక్సులో కనపడకుండా చేస్తే చాలు, లేదా 100వ నంబరులో ఉన్న దాన్ని 700ల్లోకి తోస్తే చాలు. 2014 జూన్‌లో తెలంగాణలో టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ప్రసారాలు కేబుల్‌లో ఆగిపోయాయి. శాసనసభ్యుల్ని కించపరిచారన్నది ఆరోపణ. అది కేబుల్ ఆపరేటర్ల నిర్ణయం అంది ప్రభుత్వం. ఇలాంటి చోట కోర్టులో ఎవర్ని నిలదీయాలో కూడా తేలదు, అదే దీని బలం.

రెండు, ప్రకటనలు. చిన్న, మధ్యతరహా పత్రికలకి ప్రభుత్వ ప్రకటన అంటే జీతాలు. ఏ అధికారీ ఫోన్ చేసి బెదిరించనక్కర్లేదు, రెండు నెలలు యాడ్స్ ఆగితే డెస్కులో వాళ్లకే అర్థమవుతుంది. 2015 మేలో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనల మీద మార్గదర్శకాలు ఇచ్చి, రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫోటోలు తప్ప వేరేవి వద్దంది. రాష్ట్రాలు అభ్యంతరం చెబితే 2016 మార్చిలో ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రుల ఫోటోలకీ ఒప్పుకుంది. ఫోటో మీద ఇంత వాదన జరిగింది గానీ, ఏ పత్రికకి ఎంత ఇవ్వాలన్న అసలు మీట ప్రభుత్వాల చేతిలోనే ఉంది.

మూడోది కేసులు. ఇందులో మద్రాసుకి పెద్ద చరిత్రే ఉంది. 1950లో మద్రాసు ప్రభుత్వం క్రాస్ రోడ్స్ అనే వారపత్రికని రాష్ట్రంలోకి రాకుండా నిషేధిస్తే, దాని సంపాదకుడు రమేశ్ థాపర్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. అలాంటి తీర్పుల తర్వాతే 1951లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, భావప్రకటన మీద పెట్టగల ఆంక్షల జాబితా పెరిగింది. 1987లో ఒక కార్టూన్ వేసినందుకు ఆనంద వికటన్ సంపాదకుణ్ణి శాసనసభ జైలుకి పంపింది. 2003 నవంబర్‌లో ది హిందూ సంపాదక వర్గానికి, మురసొలి సంపాదకుడికి సభాహక్కుల పేరుతో 15 రోజుల జైలు వేసింది, సుప్రీంకోర్టు ఆపింది. పరువునష్టం కేసులు సరేసరి, 2020 మేలో మద్రాసు హైకోర్టు పత్రికల మీద రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన పాత కేసులు చాలావాటిని ఒకే తీర్పుతో కొట్టేసింది. కొట్టేశారు కదా, పత్రిక గెలిచింది కదా అనుకోవచ్చు. కానీ ఏళ్లపాటు వాయిదాలకి తిరగడమే శిక్ష, తర్వాతి వార్త రాసేటప్పుడు ఆ రిపోర్టర్‌కి అది గుర్తుంటుంది.

మరి ఓట్లు మారతాయా?

ఇక్కడ నిజాయితీగా రెండు వైపులా చూడాలి.

మారవు అనేవాళ్ల దగ్గర గట్టి ఉదాహరణలున్నాయి. వైఎస్ రాజశేఖరరెడ్డి తన మీటింగుల్లో ఈనాడు, ఆంధ్రజ్యోతిలని "ఆ రెండు పత్రికలు" అని పదేపదే అనేవారు, రాష్ట్రంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయే పత్రిక తనకి వ్యతిరేకంగా ఉన్నా 2009లో 294కి 156 సీట్లతో కాంగ్రెస్‌ని మళ్లీ గెలిపించారు. 2019లో అదే పత్రికలు ఎదురుగా ఉండగా జగన్ పార్టీకి 175లో 151 వచ్చాయి, 2024లో సొంత పత్రిక, సొంత టీవీ, పైగా ప్రభుత్వం కూడా చేతిలో ఉండగా 11కి పడిపోయాయి. తమిళనాడులో 2011లో సన్, కలైజ్ఞర్ రెండూ ఒకవైపే ఉన్నా డీఎంకేకి 23 సీట్లే వచ్చాయి. విద్యుత్ కోతలు ఇంట్లో అనుభవిస్తున్నవాడికి కరెంటు బాగుందని టీవీ చెబితే నమ్మడు.

మారతాయి అనేవాళ్లు అడిగేది, ఛానెల్ లేకపోతే ఇంకెంత ఘోరంగా ఓడేవాళ్లో అని. అది కొలవడం కష్టం, కానీ ఒకచోట కొలిచారు. అమెరికాలో ఫాక్స్ న్యూస్ 1996లో మొదలై కొన్ని ఊళ్ల కేబుల్‌లోకి ముందు, కొన్నిటిలోకి తర్వాత వచ్చింది. ఆ తేడాని పట్టుకుని డెల్లా విన్యా, కాప్లాన్ అనే ఆర్థికవేత్తలు లెక్కగడితే, 2000 నాటికి ఛానెల్ వచ్చిన ఊళ్లలో రిపబ్లికన్ల ఓటు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లు పెరిగిందని తేలింది.

చాలా చిన్నదిలా ఉంది కదా. లెక్క వేసి చూడండి. 2,00,000 ఓట్లు పోలైన ఒక నియోజకవర్గంలో అర శాతం అంటే 1,000 ఓట్లు. అవి ఒకరి దగ్గర తగ్గి ఇంకొకరికి కలిస్తే ఇద్దరి మధ్య తేడా 2,000 మారుతుంది. 30,000 తేడాతో తేలే సీటులో అది లెక్కలోకే రాదు. 1,500తో తేలే సీటులో ఎమ్మెల్యేని మార్చేస్తుంది. గాలి ఒకవైపు వీచే ఎన్నికల్లో ఛానెళ్లు కొట్టుకుపోవడం, హోరాహోరీ ఎన్నికల్లో అవే కీలకమవడం, రెండూ ఒకేసారి నిజం కావడానికి కారణం ఇదే.

ఇంకో చిక్కుంది. మనం పత్రికని నమ్మి పక్షం ఎంచుకుంటున్నామా, పక్షం ముందే ఉండి దానికి తగ్గ పత్రిక కొంటున్నామా? ఇటలీలో 2001లో మాజీ ప్రధాని బెర్లుస్కోనీ తిరిగి గెలిచాక ప్రభుత్వ టీవీ ప్రధాన ఛానెల్ కుడివైపు జరిగితే, వామపక్షం వైపున్న ప్రేక్షకుల్లో కొందరు అదే ప్రభుత్వ టీవీలోని మూడో ఛానెల్‌కి మారిపోయారని ఒక అధ్యయనం చూపించింది. జనం మరీ చేతకానివాళ్లేం కాదు, రిమోట్ వాళ్ల చేతిలో ఉంది. కాకపోతే మారడానికి ఇంకో ఛానెల్ అంటూ ఉండాలి.

నా మట్టుకు నాకు అన్నిటికంటే భయం వేసేది అబద్ధపు వార్త గురించి కాదు, రాని వార్త గురించి. అబద్ధాన్ని ప్రత్యర్థి ఛానెల్ ఎలాగూ చీల్చి చెండాడుతుంది. ఇద్దరికీ అక్కర్లేని సంగతిని ఎవరూ ఎత్తరు. బెస్లీ, బర్జెస్ అనే ఇద్దరు మన రాష్ట్రాల లెక్కలే తీసుకుని, పత్రికలు ఎక్కువ చదివే రాష్ట్రాల్లో వరదలప్పుడు, పంట నష్టాలప్పుడు ప్రభుత్వాలు సాయం చేయడంలో ఎక్కువ కదిలాయని 2002లో చూపించారు. పత్రిక అసలు బలం అక్కడుంది. ఉత్తర చెన్నైలోని ఎన్నూరులో చేపలు పట్టేవాళ్ల గోడు ఎన్ని ఛానెళ్లున్నా బులెటిన్‌లో ఎన్ని నిమిషాలు వస్తుందన్నది, ఛానెల్ ఎవరిదన్న ప్రశ్నకంటే పెద్దది.

పార్టీలకి ఛానెళ్లు ఉండకూడదని చట్టం చేస్తే?

ఈ ఆలోచన కొత్తది కాదు. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. రాజకీయ పక్షాలు, వాటికి అనుబంధమైనవి ప్రసార రంగంలో ఉండకూడదని టెలికాం, ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2008లో, మళ్లీ 2014లో సిఫారసు చేసింది. చట్టం రాలేదు. చేయాల్సింది పార్టీలే కాబట్టి రాలేదన్నది ఒక కారణం. కానీ నిజమైన అభ్యంతరాలు కూడా ఉన్నాయి. పార్టీ పేరు మీద ఎవరూ ఛానెల్ పెట్టరు, కొడుకో, మరిదో, స్నేహితుడి కంపెనీయో పెడుతుంది, బంధుత్వాన్ని చట్టంలో ఎక్కడ ఆపుతారు? పైగా పెద్ద వ్యాపార సంస్థలు కేంద్రంలో ఉన్నవాళ్లకి దగ్గరైతే, ప్రాంతీయ పార్టీకి తన గొంతు వినిపించుకోవడానికి సొంత ఛానెల్ ఒక్కటే దారి అవుతుంది. పార్టీని బయటికి పంపి కాంట్రాక్టరుని లోపల ఉంచితే లాభమేమిటి అన్న ప్రశ్నకి నిషేధం కోరేవాళ్ల దగ్గర నాకు నచ్చిన జవాబు ఇంకా కనపడలేదు. ఎవరి వాటా ఎంత, ఏ ప్రభుత్వం నుంచి ఎంత ప్రకటన వచ్చింది అన్నవి తెర మీద, మొదటి పేజీలో కనపడాలన్న సూచన తక్కువ ఆకర్షణీయంగా ఉంటుంది గానీ, అమలు చేయగలిగినది అదే అనుకుంటున్నాను.

యూట్యూబ్ వచ్చాక కేబుల్ పగ్గం కొంత వదులైంది, చెన్నైలో కూర్చుని ఏ తెలుగు ఛానెల్ అయినా ఫోన్‌లో చూసుకోవచ్చు. బదులుగా ఓనరు ఎవరో తెలియని పేజీలు వచ్చాయి. ఛానెల్ మీద కనీసం లోగో ఉంటుంది, ఫార్వర్డ్ అయిన క్లిప్పు మీద అదీ ఉండదు.

ఎన్నికల నిబంధనలు మాత్రం ఇంకా ఎక్కువగా టీవీని, పేపర్నే దృష్టిలో పెట్టుకుని ఉన్నాయి. పోలింగ్ ముగియడానికి ముందు 48 గంటలు టీవీలో ప్రచారం కూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ చెబుతుంది. అభ్యర్థి గానీ, అతని పార్టీ గానీ సొంత టీవీలో, సొంత పేపర్లో అతని గెలుపు కోసం ప్రచారం చేస్తే, డబ్బు చేతులు మారకపోయినా ఆ ఛానెల్ రేటు కార్డు ప్రకారం ఖర్చు లెక్కగట్టి అతని ఖాతాలో రాయాలని ఎన్నికల సంఘం ఆదేశం కూడా ఉంది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకి పెద్ద రాష్ట్రాల్లో పరిమితి 40 లక్షలు. అయితే ఏ అభ్యర్థి పేరూ ఎత్తకుండా నాయకుడి ప్రసంగం గంటసేపు లైవ్ ఇస్తే అది పార్టీ ప్రచారం కిందికి వెళుతుంది, పార్టీల ఖర్చుకి మన చట్టంలో పరిమితి లేదు.